పేరు తెలియని పండ్ల పొదలు: గొడ్డలి ఎత్తే ముందు ఒక్క ఏడాది ఆగండి

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమని మనలో ఒక నానుడి ఉన్నది. పెద్దల పేరు చెప్పుకొని బ్రతికేవారిని ఎత్తిపొడవడానికి ఈ మాట వాడుతారు. కాని తోట వ్యవహారంలో ఇది అక్షరాలా నిజం. చెట్టు పేరు తెలియనిదే కాయకు ధర కట్టలేము. కత్తిరింపుకు కాలం నిర్ణయించలేము. మందుల దుకాణంలో ఏ పంటకు మందు కావాలో చెప్పలేము. చివరకు బ్యాంకుకు ఇచ్చే ఋణ ప్రతిపాదనలో ఆ గడిని నింపలేము. పేరు లేని మొక్క ఎంత బలంగా ఉన్నా కాగితం మీద దాని విలువ సున్నయే.

గుజరాత్ రాష్ట్రం సూరత్ జిల్లాలోని కామ్‌రేజ్ తాలూకా ఇందుకు తగిన ఉదాహరణ. తాపీ నది ఒడ్డున, జాతీయ రహదారి మీద ఉన్న ఈ ప్రాంతంలో ప్రధాన పంటలు చెరకు, అరటి. ఉకాయి, కాక్రాపార్ కాలువల నీరు అందిన తరువాత ఇక్కడి నల్లరేగడి నేలలలో చెరకు విస్తరించినది. అయినా పొలం గట్లపైన, బావుల చుట్టూ, పాత ఇళ్ళ పెరళ్ళలో వెనుకటి తరంవారు నాటిన పండ్ల పొదలు ఇంకా మిగిలి ఉంటవి. నాటినవారు గతించి ఉంటారు. మొక్కకు కట్టిన చీటీ ఏనాడో చినిగిపోయి ఉంటుంది. కలుపు, తీగలు, ఎండుకొమ్మలు కలిసి ఏది ఏ మొక్కో తెలియనంతగా అల్లుకొని ఉంటవి.

సూరత్‌లో కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాలనుండి మరమగ్గాల పనికై వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నవి. అటువంటి కుటుంబానికి కౌలుగానో, ఇంటిస్థలంతో పాటుగానో పాత పెరడు చేతికి వచ్చినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ఇరుగుపొరుగు చెప్పే పేర్లు గుజరాతీలో ఉంటవి. అక్కడ జామకు జామ్‌ఫళ్ అని పేరు. జాంబు అంటే మన నేరేడు. వినికిడిలో ఈ రెండూ ఒకటిగా తోచినా మొక్కలు వేరు, కాపు వేరు. రేగును బోర్ అని, దానిమ్మను దాడమ్ అని, నిమ్మను లీంబు అని, వాకను కరమదా అని పిలుస్తారు. ఈ నాలుగు మాటలు తెలిసి ఉంటే పక్కపొలం వృద్ధరైతును అడిగి సగం తోటను ఒక్క పూటలో గుర్తించవచ్చును.

అసలు నష్టం ఎక్కడ?

పాడుబడిన పెరడును చూడగానే అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: మొత్తం నరికి, చదును చేసి, కొత్త అంట్లు పెట్టమని. ఈ సలహా కొన్నిచోట్ల సరియైనదే కావచ్చును. కాని లెక్క చూడండి. కొత్తగా నాటితే గోతులు, అంట్లు, కంచె, నీటి వసతి, కాపు వచ్చేదాకా రెండు మూడేళ్ళ పోషణ, అన్నీ ఖర్చులే. ఆ కాలమంతా రాబడి ఉండదు. తీసుకున్న ఋణంపై వడ్డీ మాత్రం నడుస్తూ ఉంటుంది. నరికిన పొదకో, నేలలో లోతుగా దిగిన వేళ్ళు అప్పటికే సిద్ధంగా ఉన్నవి. సరిగా కత్తిరిస్తే అది కొత్త మొక్కకంటె ముందుగా కాపుకు వస్తుంది.

అయితే సరిగా కత్తిరించడం అనే మాటలోనే మెలిక ఉన్నది. రేగును వేసవిలో గట్టిగా కత్తిరిస్తే ఆ యేడు మంచి కాపు వస్తుంది. అదే రంపంతో దానిమ్మను అంతే గట్టిగా కోస్తే కాయలు కాసే కొమ్మలన్నీ పోయి కొన్నేళ్ళ ఫలసాయం పోతుంది. పేరే కోతను నిర్ణయిస్తుంది. అందుచేత పేరు తెలిసేవరకు ఎండిన, తెగులు సోకిన కొమ్మలు తప్ప మరేదీ కోయరాదు.

మొదటి వారం: అంకె వేయండి

పేరు తెలియని మొక్కకు ముందుగా అంకె ఇవ్వాలి. అల్యూమినియం రేకు ముక్కమీద మేకుతో అంకె గీసి, వదులుగా తీగతో కొమ్మకు కట్టాలి. తీగ బిగిస్తే కొమ్మ లావెక్కినప్పుడు బెరడును కోసివేస్తుంది. ఒక నోటుపుస్తకంలో పెరటి పటం గీసి, బావి, ఇల్లు, గట్టు గుర్తులతో ఏ అంకె ఎక్కడ ఉన్నదో వ్రాయాలి. ప్రతి అంకెకు ఒక పేజీ కేటాయించి ఆకు, పువ్వు, కాయ కనిపించిన తేదీలు నమోదు చేయాలి. మొబైల్ ఫోన్‌తో ఫోటో తీసి ఉంచితే మరీ మంచిది. ఫోటో చూసి మొక్క పేరు చెప్పే ఆప్‌లు ఇప్పుడు ఉన్నవి. అవి చెప్పినదానిని ఒక సూచనగా మాత్రమే తీసుకొని, పువ్వు, కాయ చూసి నిర్ధారించుకోవాలి.

అంకెను తక్కువగా చూడనవసరం లేదు. 1927లో పుణెలోని గణేశ్‌ఖిండ్ పరిశోధనా క్షేత్రంలో జి.ఎస్. చీమా అలహాబాద్ సఫేదా జామ మొలకలలోనుండి ఒక మొక్కను ఎంపిక చేసినారు. అది చాలాకాలం లక్నో-49 అన్న అంకెతోనే పిలువబడినది. తరువాత సర్దార్ జామగా పేరు పొంది దేశమంతటా తోటలలో నిలిచినది. అంకె వేసి గమనించినందువలననే ఆ ఒక్క మొక్క వందల మొలకలలో తప్పిపోలేదు.

పొదలోకి దిగేముందు కర్రతో కదిలించి చూడండి. ఏళ్ళ తరబడి కదలని ఎండుటాకులలో పాములు, కొమ్మలలో కందిరీగల గూళ్ళు ఉండవచ్చును. మోకాలి వరకు బూట్లు, తోలు చేతితొడుగులు ధరించడం అనవసర ఖర్చు కాదు.

రుచి చూసి గుర్తించవద్దు

గుర్తించడానికి కన్ను, ముక్కు, వ్రేళ్ళు చాలు, నాలుక వద్దు. పాలు కారే పొదలలో వాక తినదగినది. కాని అదే కుటుంబానికి చెందిన పచ్చగన్నేరులో కూడా పాలు కారుతవి, దాని కాయ ప్రాణాంతకమైన విషం. కంచెలలో పెరిగే అడవి ఆముదం గింజలు కూడ విషమే. లాంటానా కంపకు కూడా నలిపితే వాసన వచ్చే ఎదురెదురు ఆకులుంటవి; దాని పచ్చికాయలు తినరాదు. పిల్లలున్న ఇంట్లో పేరు తెలియని పొదల కాయలను తెలిసేవరకు ముట్టనివ్వకండి.

నాలుగు పరీక్షలు క్రమంగా చేయాలి. ఆకులు కొమ్మమీద ఎదురెదురుగా ఉన్నవా, ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నవా? ఆకును తుంచితే పాలు కారుతున్నవా? నలిపితే వాసన ఉన్నదా? ముళ్ళు ఉన్నవా, ఉంటే ఎక్కడనుండి వస్తున్నవి? ఒక హెచ్చరిక: చెరకులో వెడల్పాకు కలుపు నివారణకు 2,4-డి మందు చల్లినప్పుడు గాలికి వచ్చిన తుంపర పక్క పెరటి ఆకులను మెలివేసి ఆకారం మార్చివేస్తుంది. అటువంటి ఆకును చూసి నిర్ణయానికి రాకుండా తరువాతి చిగురు వరకు ఆగాలి.

ఏడు పొదలు, ఏడు పద్ధతులు

జామ: ఆకులు ఎదురెదురు; ఈనెలు అడుగున ఉబ్బెత్తుగా కనిపిస్తవి; నలిపితే జామ వాసన వస్తుంది. లేత కొమ్మ నాలుగు పలకలుగా ఉంటుంది. కాండం బెరడు పలుచని పొరలుగా ఊడి లోపల నునుపుగా కనిపిస్తుంది. జామ కొత్త చిగురుమీదనే పూస్తుంది గనుక గట్టి కత్తిరింపును తట్టుకొంటుంది. బాగా ముదిరి గుబురెక్కిన చెట్టును నేలనుండి 1 నుండి 1.5 మీటర్ల ఎత్తున కోసి, వచ్చిన చిగుళ్ళలో నాలుగు దిక్కులకు బలమైనవి ఉంచి, అవి కొంత పెరిగిన తరువాత సగానికి తుంచే పద్ధతిని లక్నోలోని కేంద్ర పరిశోధనా సంస్థ ప్రచారంలోకి తెచ్చినది. ఏప్రిల్, మే నెలలలో నీరు ఆపి మృగశిర కార్తెలో పూత తెప్పిస్తే శీతకాలంలో వచ్చే కాయ నాణ్యత మెరుగు. మృగ్ బహార్ అన్న పేరు ఆ కార్తెనుండి వచ్చినదే.

దానిమ్మ: నేలనుండే అనేక కాండాలు లేచి పొదగా ఉంటుంది. సన్నని మెరిసే ఆకులు, కొమ్మ చివర ముల్లు, ఎర్రని దళసరి పువ్వు దీని గుర్తులు. ముదురు కొమ్మలమీది పొట్టి రెమ్మలు మూడు నాలుగేళ్ళ వరకు కాస్తవి గనుక వాటిని ముట్టరాదు. మూడు నాలుగు కాండాలు ఉంచి అడుగు పిలకలను తీసివేయడం, ఎండిన, ఒరుసుకొనే కొమ్మలను కోయడం చాలు. ఆకు, కాయలపై నూనెమరకలవంటి నల్లమచ్చలు, కాయ పగుళ్ళు ఉంటే బ్యాక్టీరియా మచ్చతెగులుగా అనుమానించాలి. ఆ మొక్కను కోసిన కత్తెరను స్పిరిట్‌తో తుడవకుండా మరొక మొక్కపై వాడరాదు. దాని కొమ్మలనుండి కొత్త మొక్కలు చేయరాదు.

నిమ్మ: ఆకును వెలుతురుకు పట్టి చూస్తే నూనె చుక్కలు మెరుస్తవి, నలిపితే వాసన చెప్పనవసరం లేదు. ఆకు కాడకు చిన్న రెక్కలు, ఆకు మూలలో ముల్లు ఉంటవి. దీనికి గట్టి కోత పనికిరాదు. ఎండుపుల్లలు, నిటారుగా దూసుకుపోయే నీటికొమ్మలు తీసివేస్తే చాలు. కాండం మొదట బంక కారుతున్నట్లయితే నీరు కాండానికి తగులుతున్నదని అర్థం. కాండం చుట్టూ మట్టి ఎగదోసి, దానికి దూరంగా రెండవ వలయంలో నీరు పారించాలి.

రేగు: ఆకు మొదటనుండి మూడు ఈనెలు బయలుదేరుతవి, అడుగు భాగం తెల్లని నూగుతో ఉంటుంది. ముళ్ళు తరచు జంటగా, ఒకటి తిన్నగా ఒకటి కొక్కెంవలె ఉంటవి. వేసవిలో ఆకు రాల్చి ఎండిపోయినట్లు కనిపిస్తుంది. చచ్చినదని నరికివేయడం ఇక్కడ జరిగే సాధారణ పొరపాటు. కాయ ఆ యేటి కొత్త రెమ్మలమీదనే వస్తుంది గనుక ఏప్రిల్, మే నెలలలో ఏటేటా గట్టిగా కత్తిరించాలి.

సీతాఫలం: ఆకులు ఒకదాని తరువాత ఒకటిగా రెండు వరుసలలో ఉంటవి, నలిపితే ఘాటైన వాసన వస్తుంది, మూడు దళసరి రేకుల ఆకుపచ్చ పువ్వు క్రిందికి వ్రేలాడుతుంది. ఆకు రాలిన తరువాత, కొత్త చిగురుకు ముందు, తేలికగా కత్తిరించాలి. పిండినల్లి దీనికి ముఖ్య శత్రువు. దానిని మోసే చీమలు ఎక్కకుండా కాండానికి జిగురుపట్టీ కట్టడం మేలు. గింజల పొడిని ఇంట్లో చేసి చల్లేవారు కళ్ళలో పడకుండా జాగ్రత్త వహించాలి, చూపుకే ప్రమాదం.

వాక: ఆకులు ఎదురెదురుగా దళసరిగా, మెరుస్తూ ఉంటవి, తుంచితే తెల్లని పాలు, గట్టి జంటముళ్ళు, మల్లెవలె తెల్లని సువాసన పువ్వులు. పచ్చగన్నేరుకు ముళ్ళు ఉండవు, పువ్వు గంటవలె పెద్దదిగా పసుపుపచ్చగా ఉంటుంది. వాకకు ఏటేటా కత్తిరింపు అక్కరలేదు. దారికి అడ్డువచ్చిన కొమ్మలు తీస్తే చాలు. పశువులు దూరని కంచెగా దీనిని మించినది అరుదు. వానాకాలపు కాయ పచ్చళ్ళకు అమ్ముడుపోతుంది.

ఫాల్సా: వెడల్పైన గరుకు ఆకు, అంచున రంపపు పళ్ళు, మొదట ఒకవైపు ఒరిగినట్లుండే ఆకారం. చిన్న పసుపు పువ్వులు, వేసవిలో బఠానీ గింజంత ఊదారంగు పండ్లు. కొత్త రెమ్మలమీదనే కాస్తుంది గనుక డిసెంబరు, జనవరి నెలలలో ఆకు రాలిన తరువాత నేలనుండి సుమారు ఒక మీటరు ఎత్తుకు కోయాలి. పండు కోసిన తరువాత ఒకటి రెండు రోజులకంటె నిలువదు. సూరత్ వంటి నగరం సమీపాన ఉండడమే దీనికి ప్రధానమైన బలం.

రకం కాయలోనే తెలుస్తుంది

ఆకును చూసి జాతిని చెప్పవచ్చును గాని రకాన్ని చెప్పడం సాధ్యం కాదు. దానిమ్మ గణేశ్ రకమా, భగవా రకమా అన్నది తొక్క రంగు, గింజ రంగు చూసిన తరువాతనే తేలుతుంది. అందుకే ఏడాది గడువు. కామ్‌రేజ్ వాతావరణంలో ఋతువులవారీగా ఏమి కనిపించవచ్చునో సూక్ష్మంగా ఇస్తున్నాము.

ఫిబ్రవరి, మార్చి: వాక, ఫాల్సా పూత, రేగు చివరి కోత.
ఏప్రిల్, మే: ఫాల్సా పండ్లు, రేగు ఆకురాల్పు, సీతాఫలం చిగురు, పూత.
జూన్, జూలై: జామ మృగశిర పూత, వాక కాయ.
ఆగస్టు నుండి అక్టోబరు వరకు: సీతాఫలం పక్వం, రేగు పూత.
నవంబరు నుండి జనవరి వరకు: జామ శీతకాలపు కోత, రేగు కాయ, ఫాల్సా ఆకురాల్పు.

నిర్లక్ష్యానికి గురైన అంటుమొక్కలలో మరొక సంగతి గమనించాలి. అంటు కట్టిన చోటుకు దిగువనుండి లేచిన అడవి పిలకలు పై భాగాన్ని అణచివేసి తామే చెట్టుగా మారి ఉండవచ్చును. మేలురకపు రేగు నాటిన చోట చిన్న గుండ్రని పుల్లకాయలు కాయడానికి తరచు ఇదే కారణం. కాండం మొదట ముడివలె ఉబ్బి, పైన క్రింద బెరడు తేడాగా ఉన్నచోటును వెదకండి. ముడికి పైన మేలుభాగం బ్రతికి ఉంటే, క్రింది పిలకలను మొదలంటా తీసివేయాలి. పైభాగం చచ్చిపోయి ఉన్నా ఆశ వదలనక్కరలేదు. వేసవిలో రేగును తగ్గించి కోసి, వచ్చిన బలమైన చిగుళ్ళపై వానాకాలంలో గోలా, ఉమ్రాన్ వంటి మేలురకపు మొగ్గను అంటు కట్టించవచ్చును. ఉన్న వేళ్ళమీదనే కొత్త రకం వస్తుంది. కొత్త మొక్క కొనవలసిన పని లేదు.

అన్నిటికీ వర్తించే సంరక్షణ

మొదట భారం దించాలి. ఆకులు లేని పసుపుదారాలవలె పొదను చుట్టే సీతమ్మ పోగునూలును, దాని పోగు ఒక్కటికూడా మిగలకుండా, అది అల్లుకొన్న రెమ్మలతో సహా తీసి తగులబెట్టాలి. కొమ్మమీద వేరే జాతి ఆకులతో గుబురుగా పెరిగే బదనికను, అది నాటుకొన్న చోటుకు కొంచెం దిగువనుండి కొమ్మతో సహా కోయాలి. ఆకు పైపైన తెంపితే మళ్ళీ పుడుతుంది.

రెండవది నీరు. నల్లరేగడి నేలలో మొక్కలు దాహంతోకంటె నీరు నిలిచి వేళ్ళు ఊపిరాడక నశించడం ఎక్కువ. పక్కనే చెరకు ఉన్నచోట ఆ నీరు ఊటగా పెరటిలోకి చేరుతుంది. ఆకులు పసుపెక్కగానే ఎరువు కోసం పరుగెత్తకుండా, పాదుకు ప్రక్కన మోకాలిలోతు గుంట తవ్వి చూడండి. గుంటలో నీరు ఊరితే ఆ పెరటికి కావలసినది మురుగుకాలువ, ఎరువు కాదు. చెరకు చెత్త తగులబెట్టే పొలం పక్కనున్నట్లయితే మధ్యలో కొంత మేర చెత్త లేకుండా శుభ్రం చేసి ఉంచుకోవాలి.

మూడవది కోతగాయం. లావు కొమ్మలు కోసిన చోట బోర్డో పేస్ట్ పూయాలి. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం విడివిడిగా ప్లాస్టిక్ లేక మట్టి పాత్రలలో కరిగించి, రెండూ కలిపి మొత్తం 10 లీటర్లు చేస్తే పూతమందు సిద్ధం. ఇనుపపాత్ర వాడరాదు. శుభ్రమైన ఇనుప మేకును ముంచి తీసినప్పుడు రాగిరంగు పట్టితే మరికొంత సున్నం చేర్చాలి. కలిపిన రోజే వాడాలి.

నాలుగవది పోషణ. బాగా చివికిన పశువుల ఎరువు, పాదుపై ఎండుటాకుల కప్పు, ఈ రెండూ మొదటి ఏడాదికి చాలు. సున్నపు పాలు ఎక్కువగా ఉన్న నేలలో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే సూక్ష్మపోషకాల లోపం కావచ్చును. భూసార పరీక్ష చేయించి దాని ప్రకారమే వాడండి. గుజరాత్‌లో ఉద్యాన శాఖను బాగాయత్ ఖాతా అంటారు. నవ్‌సారీ వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని గణదేవి పండ్ల పరిశోధనా కేంద్రం కామ్‌రేజ్ రైతులకు అందుబాటు దూరంలోనే ఉన్నవి. పువ్వు, కాయతో ఉన్న కొమ్మను కాగితంలో చుట్టి, అంకె వ్రాసి తీసుకువెళ్ళితే నిపుణులు త్వరగా పేరు చెప్పగలరు. ఒట్టి ఆకు తీసుకువెళ్ళడం వలన ప్రయోజనం తక్కువ.

ఋణానికి వచ్చే ముందు

క్షేత్ర పరిశీలనకు వచ్చే అధికారి చూసేది పెరటి అందం కాదు. ఎన్ని మొక్కలు, ఏ జాతి, సుమారు వయస్సు, ఆరోగ్యం, దూరం, నీటి వసతి, అమ్మకపు మార్గం, వీటికి సమాధానం కావాలి. మీ నోటుపుస్తకమే దానికి ఆధారం. ఒక ఉదాహరణ చూద్దాం. ఇరవై పొదలున్న పెరటిలో ఏడాది గమనించిన తరువాత ఎనిమిది జామ, ఐదు రేగు, మూడు నిమ్మ, రెండు వాక అని తేలి, రెండు పనికిరాని కంపలని తెలిసినదనుకొనండి. అప్పుడు కావలసిన ఋణం ఇరవై గోతులకు కాదు. జామ కత్తిరింపుకు, రేగుకు అంట్లు కట్టించడానికి, ఖాళీ అయిన రెండు చోట్ల నాటడానికి, అవసరమైతే బిందుసేద్యానికి. అంచనా తగ్గుతుంది, కాపు ముందుకు వస్తుంది, వాయిదా చెల్లించే శక్తి పెరుగుతుంది. కొన్ని పెరళ్ళలో ఋణమే అక్కరలేదని తేలవచ్చును. అదికూడా మంచి ఫలితమే.

పెద్ద తోటలున్నవారు 2014-15లో ప్రారంభమైన సమగ్ర ఉద్యాన అభివృద్ధి మిషన్‌లో పాత తోటల పునరుద్ధరణకు సహాయం ఒక అంశమని గుర్తుంచుకొని, తమ జిల్లాలో ప్రస్తుత అర్హతలను బాగాయత్ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. నాలుగు పొదల పెరటికి ఇది వర్తిస్తుందని భావించవద్దు.

కాగితాల విషయంలో తొందరపాటు పనికిరాదు. గుజరాత్‌లో వ్యవసాయదారులు కానివారు వ్యవసాయ భూమి కొనడానికి చట్టరీత్యా పరిమితులు ఉన్నవి. బయానా ఇవ్వకముందే 7/12, 8-అ నకళ్ళు చూడాలి. న్యాయవాది సలహా తీసుకోవాలి. కౌలుదారు చెట్టును మోడుగా కోయడానికి, అంటు కట్టడానికి, కాయ అమ్ముకోవడానికి యజమాని అనుమతిని వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. మీరు మూడేళ్ళు కష్టపడి కాపుకు తెచ్చిన చెట్టుపై నాలుగవ ఏట తగవు రాకుండా కాపాడేది ఆ కాగితమే.

డీలర్లకు, నర్సరీదారులకు

పేరు లేని పొదల సమస్య చాలావరకు నర్సరీలోనే పుడుతుంది. రకం పేరు, వేరుమూలం పేరు, అంటు కట్టిన తేదీ, నర్సరీ పేరు ఉన్న చెరగని చీటీని ప్రతి మొక్కకు కట్టి, అవే వివరాలు రసీదుపై వ్రాసి ఇవ్వండి. ఎండకు, వానకు చీటీ పోయినా రసీదు ఇంట్లో ఉంటుంది. జాతీయ ఉద్యాన మండలి నర్సరీలకు గుర్తింపు ఇస్తున్నది. అటువంటి నర్సరీ మొక్కకు ఋణ అంచనాలో కూడా నమ్మకం ఎక్కువ.

పురుగుమందుల డీలర్లకు ఒక విన్నపం. ఏ పంటమీద ఎంత మోతాదులో వాడాలి, కోతకు ఎన్నిరోజుల ముందు ఆపాలి అన్నది మందు లేబుల్‌పై ముద్రించి ఉంటుంది. పేరు తెలియని మొక్కకు ఆ లేబుల్ వర్తించదు. రైతు ఒక ఆకు తెచ్చి మందు అడిగినప్పుడు సీసా చేతికిచ్చేముందు ఇది ఏ మొక్క అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న వలన ఒక సీసా అమ్మకం ఆగవచ్చును. మీపై ఆ రైతు నమ్మకం మాత్రం నిలుస్తుంది.

ఈ పని ప్రారంభించడానికి మంచి ముహూర్తం వెదకనక్కరలేదు. రేకు ముక్కలు, మేకు, తీగ, నోటుపుస్తకం, వీటి ఖర్చు ఒక్క అంటుమొక్క ధరకు మించదు. ఈ వారంలో అంకెలు వేయండి. వచ్చే పూతకు పేర్లు తెలుస్తవి. వచ్చే కాయకు రకాలు తెలుస్తవి. ఆ తరువాత ఏది నరకాలి, ఏది నిలపాలి, ఎంత ఋణం కావాలి అన్నది మీ పుస్తకంలోనే వ్రాసి ఉంటుంది.